మనిషి కొల్లాజెన్ చేయించడానికి ఏది మేలు: ఈ.కోలైనా, ఈస్టా?

మన ఒంట్లో అన్నిటికంటే ఎక్కువగా ఉండే ప్రొటీన్ కొల్లాజెన్. చర్మం, ఎముక, కీళ్ల దగ్గరి స్నాయువులు, కంటి ముందుండే కార్నియా, అన్నీ దాని మీదే నిలబడ్డాయి. వైద్యానికి కావలసిన కొల్లాజెన్‌ను చాలాకాలంగా ఆవు, పంది చర్మాల నుంచే తీస్తున్నారు. అలా కాకుండా మనిషి జన్యువునే ఒక సూక్ష్మజీవిలో పెట్టి చేయించాలంటే ముఖ్యంగా రెండు దారులున్నాయి: ఈ.కోలై బ్యాక్టీరియా, పిచియా అనే ఈస్ట్. నా మొగ్గు ఈస్ట్ వైపే.

కొల్లాజెన్ అంటే మూడు పేటల తాడు. ఒక్కో పేటలో సుమారు వెయ్యి అమైనో ఆమ్లాలుంటాయి, ప్రతి మూడోదీ గ్లైసిన్. మిగతావాటిలో ప్రోలిన్ చాలా ఎక్కువ. పేటలు గట్టిగా అల్లుకుని ఉండాలంటే ఆ ప్రోలిన్లలో చాలావాటిని హైడ్రాక్సీప్రోలిన్‌గా మార్చాలి. ఆ పని చేసే ఎంజైముకు ఇనుము, ఆక్సిజన్, విటమిన్ సి కావాలి. విటమిన్ సి లేకపోతే చిగుళ్లు రక్తం కారే స్కర్వీ వచ్చేది ఇందుకే. ఈ మార్పు జరగని తాడు 24 డిగ్రీల దగ్గరే విడిపోతుంది. మన ఒంటి వేడి 37 డిగ్రీలు! కాబట్టి పోటీ అంతా ఈ ఒక్క ఎంజైము చుట్టూనే తిరుగుతుంది.

ఈ ఎంజైము ఈ.కోలైలోనూ లేదు, ఈస్ట్‌లోనూ లేదు. రెండింటికీ బయటి నుంచి జన్యువులు ఇవ్వాల్సిందే. కానీ మనిషి ఎంజైము నాలుగు భాగాలు కలిస్తేనే పనిచేస్తుంది. అలాంటి కూర్పు జరిగే ప్రత్యేకమైన అర ఈస్ట్ కణంలో ఉంది, బ్యాక్టీరియాలో లేదు. ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో కారి కివిరిక్కో బృందం 1997లో పిచియాలో ఎంజైమునూ, మూడో రకం కొల్లాజెన్‌నూ కలిపి చేయించింది. అప్పుడు బయటపడిన సంగతి నాకు ఇప్పటికీ అబ్బురమే: కొల్లాజెన్ పక్కన ఉంటేనే ఎంజైము కుదురుగా కూడుకుంది, ఎంజైము ఉంటేనే కొల్లాజెన్ గట్టిపడింది. పిచియా మనకూ కొత్తది కాదు. అదే 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్ బి టీకా తయారైంది ఈ ఈస్ట్‌లోనే.

అయితే ఈస్ట్‌తో తలనొప్పులు తక్కువేం కాదు. పూర్తి పొడవు కొల్లాజెన్ కణం లోపలే ఉండిపోతుంది. దళసరి గోడను పగలగొట్టి తీయాలి. ఈస్ట్ సొంత ఎంజైములు దాన్ని ముక్కలు చేయకుండా చూసుకోవాలి. సాధారణంగా మిథనాల్ పోసి పని చేయిస్తారు కాబట్టి ఆక్సిజన్ బాగా ఖర్చవుతుంది, అగ్నిప్రమాదం టెన్షన్ కూడా ఉంటుంది.

ఈ.కోలై ఇక్కడ హాయి. అనుకూలంగా ఉంటే 20 నిమిషాలకే రెట్టింపవుతుంది, మేత చవక. దాని కణపొరలోని ఎండోటాక్సిన్‌ను మాత్రం పూర్తిగా వదిలించాలి. లేకపోతే ఒంట్లోకి వెళ్లాక జ్వరం తెప్పిస్తుంది. ఎంజైము కొరతకూ ఒక ఉపాయం దొరికింది. అమీబాలో పెరిగే మిమివైరస్ ఎంజైములను ఇచ్చి, ఈ.కోలైలోనే హైడ్రాక్సీప్రోలిన్ ఉన్న మనిషి కొల్లాజెన్‌ను చేయించారు. మంచి అడుగే, కానీ శరీరంలో అమర్చే వస్తువు విషయంలో ఈస్ట్‌కున్న అనుభవం దీనికింకా లేదు. క్రీముల్లో కలిపే చిన్న ముక్కలకైతే మూడు పేటల అల్లికే అక్కర్లేదు, ఈ.కోలై చాలు. అక్కడ ఈస్ట్ వాడటం దండగ. పొగాకు మొక్కలో చేయించే దారి కూడా ఉంది గానీ అది వ్యవసాయం, వేరే లెక్క.

ఈస్ట్ అనుభవం అన్నాను కదా, అది కార్నియాది. స్వీడన్‌లో 10 మందికి ఈస్ట్‌లో చేసిన మనిషి కొల్లాజెన్‌తో కార్నియాలు అమర్చి, రెండేళ్ల ఫలితాలను 2010లో ప్రచురించారు. రోగుల సొంత కణాలూ, నరాలూ అందులోకి పెరిగాయి. ఆరుగురికి చూపు మెరుగైంది. దాత కన్ను కోసం ఎదురుచూసేవాళ్లకు ఇదెంత పెద్ద మాటో చెప్పక్కర్లేదు. అయినా భారత్, ఇరాన్‌లలో 20 మందిపై చేసి 2022లో ప్రచురించిన ఇలాంటి ప్రయోగంలో వాడింది పంది చర్మపు కొల్లాజెన్. అది సులభంగా, చవకగా దొరుకుతుంది మరి.

ల్యాబ్ కోసం మనిషి కొల్లాజెన్ కొనేవారు డబ్బా మీది పేరు చూసి ఆగిపోకండి. హైడ్రాక్సీప్రోలిన్ శాతం ఎంత, ఎన్ని డిగ్రీల దగ్గర తాడు విడిపోతుంది, ఎండోటాక్సిన్ ఎంత ఉంది అని రాతపూర్వకంగా అడగండి.