మినీ ట్రాక్టర్: కొత్తదా, సెకండ్ హ్యాండా?

బత్తాయి తోటలో చెట్ల మధ్య తిప్పడానికి 24 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ బండి చాలు. తికమకంతా రేటు దగ్గరే. ఏడాదికి 200 గంటలు కూడా తిప్పనివాళ్లకు నా ఓటు పాతదానికే, తేడా లక్షలోపైతే మాత్రం కొత్తదే.

కొత్తదైతే లెక్క కాగితం మీద ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యవసాయ ట్రాక్టర్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5కి దిగింది. పన్నుకు ముందు 5 లక్షలున్న బండిపై 35 వేలు మిగులు. షోరూం ధర, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, రోటావేటర్ (వెనక తగిలించి మట్టిని గుల్ల చేసే పరికరం) విడివిడిగా రాయించుకోండి.

పాతదానికి అమ్మేవాడి నోటిమాటే రేటు. "నేను ఆరు లక్షలు పెట్టి కొన్నా" అంటాడు. అది పాత పన్ను రోజుల ధర. అదే మోడల్ కొత్తది ఈరోజు ఎంతకొస్తుందో కనుక్కుని, బేరం అక్కణ్నుంచి మొదలుపెట్టాలి. ఇంజన్ ఎన్ని గంటలు తిరిగిందో చూపే అవర్ మీటర్‌ను నేను పెద్దగా నమ్మను. మీటర్ 600 గంటలు చూపిస్తుంటే, క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే ఏమనుకోవాలి? పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లి మీరే స్టార్ట్ చేయండి. రోటావేటర్ పైకెత్తి ఇంజన్ ఆపండి, వెంటనే కిందికి జారితే దాన్ని ఎత్తే హైడ్రాలిక్‌కు ఖర్చు ఉన్నట్టే. వెనక టైర్లు అరిగితే కొత్త జత ఖరీదు రేటులో తగ్గించమనండి. ఆర్సీ మీద ఫైనాన్స్ పేరుంటే, అప్పు తీరిందని వాళ్లిచ్చే ఎన్‌ఓసీ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.