కథనాత్మక సమీక్షా, క్రమబద్ధ సమీక్షా?

ఉస్మానియాలోనో హెచ్‌సీయూలోనో పరిశోధనలో చేరినవారికి తొలి ఏడాదే తేల్చుకోవలసిన విషయం ఇది: పూర్వ పరిశోధనల సమీక్షను కథనాత్మకంగా (ఎంచుకున్న వ్యాసాలను కలిపి ఒక కథనంలా) రాయాలా, క్రమబద్ధంగా (ముందే పెట్టుకున్న నియమాల ప్రకారం వెతికి, ఏరి) చేయాలా?

ఖర్చు: ఆధారాలను భద్రపరిచే జొటెరో సాఫ్ట్‌వేర్, భారతీయ పరిశోధన గ్రంథాల భాండాగారమైన శోధ్‌గంగ, రెండు పద్ధతులవారికీ ఉచితమే. క్రమబద్ధ సమీక్షకు మాత్రం పరిశోధన వ్యాసాలను వెతికే స్కోపస్ వంటి చందా డేటాబేసులు తరచూ అవసరమవుతాయి కాబట్టి, మీ గ్రంథాలయంలో ఏవి అందుబాటులో ఉన్నాయో ముందే కనుక్కోవాలి.

శ్రమ: అసలు తేడా ఇక్కడే ఉంది. మూసీ కాలుష్యంపై కథనాత్మక సమీక్ష రాసేవారు ఒక మంచి వ్యాసం చివరనున్న ఆధారాలను పట్టుకుని మరో వ్యాసానికి వెళ్లవచ్చు. క్రమబద్ధ సమీక్షలో అయితే ఆంగ్లంలో మూసీకి ఉన్న రెండు స్పెల్లింగులతోనూ వెతికి, ఏ తేదీన ఏ పదాలతో వెతికారో, ఏ వ్యాసాన్ని ఏ కారణంతో పక్కన పెట్టారో నమోదు చేసి, ఇలాంటి సమీక్షల నివేదికకు ప్రమాణ జాబితా అయిన ప్రిస్మా 2020లోని 27 అంశాలకు తగినట్టు నివేదించాలి. వడపోతకు ఇద్దరుండాలి, ఆ రెండో మనిషి దొరకడమే చాలామందికి గగనం.

ప్రమాదం: మొదటిదానిలో నచ్చినవే ఏరుకునే పక్షపాతం. రెండోదానిలో, ఆంగ్ల వ్యాసాలకే పరిమితమైతే, తెలుగు నివేదికలు జారిపోవడం.

సాహిత్యం, చరిత్ర, సిద్ధాంత చర్చ అయితే కథనాత్మకమే తగినది. పీహెచ్‌డీ అధ్యాయానికి కూడా అదే రాసి, వెతికిన తీరును ఒక పేరాలో చెబితే చాలని నా అభిప్రాయం. ఒక చికిత్స పనిచేస్తుందా అని తేల్చే ప్రజారోగ్య ప్రశ్నకు, తోడూ తగినంత వ్యవధీ ఉన్నప్పుడు, క్రమబద్ధ సమీక్షనే ఎంచుకోవాలి.