పీఎఫ్ వచ్చేదాకా వడ్డీ మాత్రమే కట్టమంటున్నారా? సంతకానికి ముందు ఇది చదవండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంటి కాగితాలు పెట్టి లోను తీసుకోబోయేవాళ్లకి ఇది చెప్పాలి. "ఇప్పుడు వడ్డీ కడితే చాలు, అసలు మీ పీఎఫ్ వచ్చాక ఒకేసారి తీర్చేద్దురు గాని, అప్పటిదాకా పొడిగిస్తాం" అని ఎవరైనా అంటే, ఆ పొడిగింపు శాంక్షన్ లెటర్‌లో (లోను మంజూరు చేస్తూ కంపెనీ ఇచ్చే కాగితం) తేదీతో సహా కనబడేదాకా సంతకం పెట్టకండి.

మా బావ పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నారు. శ్రీకాకుళంలో ఉన్న ఇంటి మీద మేడ వెయ్యడానికి 2020లో ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలో 15 లక్షలు తీసుకున్నారు. 11 శాతం మీద నెలకి 13,750, ఐదేళ్లపాటు వడ్డీ మాత్రమే. బావకి 58 నిండి రిటైరయ్యేది, పీఎఫ్ వచ్చేది 2028లో. మధ్యలో మూడేళ్ల సంగతేంటని అప్పుడే అడిగితే, "అది ఆటోమేటిక్‌గా రెన్యువల్ అయిపోద్దండి" అన్నాడు ఇంటికొచ్చిన ఏజెంటు. పీఎఫ్ పాస్‌బుక్ ప్రింటు కూడా పట్టుకెళ్లాడు.

ఒక్క నెలా తప్పకుండా కట్టుకుంటూ వచ్చారు. 2025లో గడువు దగ్గరపడేసరికి వాళ్ల మాట మారిపోయింది. పొడిగింపు "సంస్థ విచక్షణ మేరకు" అని అగ్రిమెంటులో ఉందట. కావాలంటే కొత్త శాంక్షన్, వడ్డీ 13 శాతం, లేదంటే 15 లక్షలూ కట్టేయండి అన్నారు. మా అప్పకి, అంటే అక్కకి, ఆ టెన్షన్‌లో అన్నం సయించలేదు. ఇల్లు వాళ్ల చేతిలో ఉన్నాక ఎవరు మాత్రం ఏం చేస్తారు? ఒప్పుకున్నారు.

ఆ తర్వాత వచ్చిన స్టేట్‌మెంటు నేను దగ్గర పెట్టుకుని చూశాను. ప్రాసెసింగ్ ఫీజు 15,000, దాని మీద జీఎస్టీ 2,700, ఎవరూ అడగని ఇన్సూరెన్స్ పాలసీకి 42,000. అన్నీ అసలులోనే కలిపేశారు. ఐదేళ్లలో 8,25,000 కట్టిన మనిషికి బాకీ 15,59,700 అయింది. ఇప్పుడు నెలకి వడ్డీయే దాదాపు 16,900. మొదట్లోనే 11 శాతం మీద 15 ఏళ్ల ఈఎంఐ పెట్టుకుని ఉంటే నెలకి సుమారు 17,050 పడేది, అసలు కూడా నెలనెలా తగ్గేది. ఈ లెక్క ఆ ఏజెంటుకి తెలియదంటే నేను నమ్మను.

పీఎఫ్ గురించి కూడా ఒక మాట. చట్టం ప్రకారం పీఎఫ్ డబ్బుని తాకట్టు పెట్టడం కుదరదు, అప్పులవాళ్లు జప్తు చెయ్యడమూ కుదరదు. అంటే వాళ్లు పాస్‌బుక్ ఎన్నిసార్లు అడిగినా, వాళ్ల పట్టు మీ ఇంటి మీదే. యజమాని వాటాలో కొంత పెన్షన్ ఖాతాకి పోతుంది, అది ఒకేసారి చేతికొచ్చే డబ్బు కాదు. ఆధార్‌లో, పీఎఫ్‌లో పేరు తేడాగా ఉంటే క్లెయిమ్ వెనక్కి వస్తుంది. లోను ఆఖరి తేదీని రిటైరయ్యే నెలకే పెట్టుకోకండి, కొన్ని నెలలు ఎడం ఉంచమనండి.

కొత్త శాంక్షన్ అన్నారంటే కేఎఫ్‌ఎస్ (కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, లోను వివరాలన్నీ ఒకచోట చెప్పే కాగితం) ఇవ్వమని గట్టిగా అడగండి. 2024 అక్టోబర్ 1 నుంచి రిటైల్ లోన్లకి అది తప్పనిసరి. ఫీజులు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి నిజంగా ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో ఉంటుంది. ఇన్సూరెన్స్ వద్దనుకుంటే పాలసీ బాండ్ చేతికొచ్చిన 30 రోజుల్లోపు రద్దు చేసుకోవచ్చు. బావ చేత ఆ దరఖాస్తు పెట్టించాం. వ్యాపారానికి కాకుండా సొంతానికి తీసుకున్న ఫ్లోటింగ్ రేటు (మధ్యలో వడ్డీ మారే) లోను ముందే తీర్చేస్తే పెనాల్టీ వెయ్యకూడదు, కాబట్టి చేతిలో ఎంతుంటే అంత అసలులో కట్టండి.

ఫిర్యాదు ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి (ఇలాంటి ఫిర్యాదులు చూసే అధికారి) ఉచితంగా రాయొచ్చు. మీది హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయితే నేషనల్ హౌసింగ్ బ్యాంక్‌కి వెళ్లాలి. బావ ఫిర్యాదు ఇచ్చారు. లోనుని ఒక ప్రభుత్వ బ్యాంకుకి మార్చే ప్రయత్నంలో ఉన్నాం. దానికి కావాల్సిన ఫోర్‌క్లోజర్ లెటర్ (లోను మూసెయ్యడానికి ఎంత కట్టాలో చెప్పే కాగితం) మాత్రం ఈ కంపెనీ ఇంకా ఇవ్వలేదు.