సీఎస్50 కోర్సు: ఇల్లు, ఉద్యోగం చూసుకుంటూ చేయగలమా?

భీమవరంలో రొయ్యల కొనుగోలు ఆఫీసులో పదకొండేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. ఇద్దరు పిల్లలు, పెద్దది నాలుగో తరగతి, చిన్నోడు యూకేజీ. సాఫ్ట్‌వేర్‌లోకి మారాలని ఎప్పటినుంచో అనుకుంటూ, చివరికి అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్లు ఆన్‌లైన్‌లో కంప్యూటర్ సైన్స్ మొదటి నుంచి నేర్పే సీఎస్50 కోర్సు మొదలుపెట్టి పోయిన నెలలో పూర్తిచేశాను. 14 నెలలు పట్టింది. నాలా ఆలోచించేవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

దీనికి ముందు హైదరాబాద్‌లో ఒక కోచింగ్ సెంటర్ ఆన్‌లైన్ బ్యాచ్‌కి 15 వేలు మొదటి వాయిదా కట్టాను. క్లాసు రాత్రి 7 నుంచి 9. పిల్లలున్న ఇంట్లో ఆ టైముకి ఏం జరుగుతుందో మీకు తెలుసు, అన్నాలు, హోంవర్కు, చిన్నోడి నిద్ర పేచీ. చెరువుల్లో రొయ్యల పట్టుబడులు ఎక్కువున్న రోజైతే నేను ఇంటికి చేరేదే ఎనిమిదింటికి. నాలుగు క్లాసులు తప్పాక ఐదోది ఒక్క ముక్క అర్థం కాలేదు, రికార్డింగ్ అడిగితే "రెగ్యులర్‌గా రావాలి మేడం" అన్నారు. డబ్బు తిరిగి రాలేదు. డబ్బు పోతే పోయింది, ఇది నా వల్ల కాదేమో అన్న దిగులు పట్టుకుని ఆరు నెలలు మళ్లీ దాని జోలికే వెళ్లలేదు.

సీఎస్50లో ఆ టెన్షన్ లేదు. వీడియో పాఠాలు, అసైన్‌మెంట్లు, వాళ్లిచ్చే సర్టిఫికెట్ అన్నీ ఉచితం, ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్ ఇచ్చే వెరిఫైడ్ సర్టిఫికెట్ కావాలంటేనే డబ్బు. వారం వారం గడువులు లేవు. నాకైతే మధ్యలో ఏడాదే మారిపోయింది, అయినా అప్పటికే పంపిన అసైన్‌మెంట్లు ఎక్కడికీ పోలేదు. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరు వరకు కూర్చునేదాన్ని. చిన్నోడికి జ్వరమొచ్చిన వారం, సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలున్న పది రోజులు అసలు ముట్టుకోలేదు, తిరిగి తెరిస్తే వదిలిన చోటే ఉంది.

పాఠాలు చెప్పే ప్రొఫెసర్ డేవిడ్ మలాన్ గారు చాలా వేగంగా మాట్లాడతారు, ఒక్కో పాఠం దాదాపు రెండు గంటలు. నేను తెలుగు మీడియం. సబ్‌టైటిల్స్ పెట్టుకుని, స్పీడు 0.75కి తగ్గించి, ఒక పాఠాన్ని నాలుగు రోజులకి పంచుకుని చూశాను. మూడో పాఠానికి ఆయన మాట అలవాటైపోయింది. మొదటి వారం స్క్రాచ్ అనే బొమ్మల ప్రోగ్రామింగ్, అది మా పెద్దదీ నేనూ కలిసి చేశాం. "అమ్మా, పిల్లి గోడ దాటి వెళ్లిపోతోంది, ఆపు" అని అది అరుస్తుంటే షరతులు, లూపులు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం) అంటే ఏంటో నాకు తెలియకుండానే వచ్చేశాయి.

తర్వాత సి అనే ప్రోగ్రామింగ్ భాష. ఇక్కడ ఒక సంగతి వివరంగా చెప్పాలి. మా వ్యాపారంలో కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది, కౌంట్ పెరిగేకొద్దీ రేటు తగ్గుతుంది. అసైన్‌మెంట్ అయ్యాక సరదాగా కౌంట్ లెక్కేసే ప్రోగ్రామ్ నా సొంతంగా రాశాను. రెండు కిలోల శాంపిల్‌లో 95 రొయ్యలు అని ఇస్తే 47 అని చూపించింది. నలభై ఏడున్నర రావాలి కదా! గంటసేపు బుర్ర బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, సి భాషలో పూర్ణ సంఖ్యని పూర్ణ సంఖ్యతో భాగిస్తే దశాంశం తర్వాతది కొట్టేస్తుంది, సంఖ్య రకాన్ని ఫ్లోట్‌గా, అంటే దశాంశాలు ఉంచుకునే రకంగా మారిస్తేనే 47.5 వస్తుంది. ఆ అర కౌంట్ కోసం కాటా దగ్గర ఎంతసేపు వాదించుకుంటారో రోజూ చూసేదాన్ని నేను. ఆ రోజు నుంచి డేటా టైప్ (సమాచారం ఏ రకందో చెప్పేది) అనే మాట నాకు పుస్తకంలో మాటలా అనిపించలేదు.

మెమరీ వారం మాత్రం చాలా కష్టం. పాయింటర్లు, అంటే కంప్యూటర్ మెమరీలో సమాచారం ఉన్న చోటి చిరునామాలు, బుర్రకెక్కడానికి నాకు నెలన్నర పట్టింది. పోస్ట్‌మాన్ చేతిలో ఉన్నది చిరునామానే కానీ ఇల్లు కాదు కదా, అలా అనుకున్నాకే కొంచెం దారి దొరికింది. అక్కడ ఆగిపోకండి, దాని తర్వాత డేటా స్ట్రక్చర్స్ (సమాచారాన్ని అమర్చుకునే పద్ధతులు) దాటితే పైథాన్ అనే ఇంకో భాష వస్తుంది, సిలో పాతిక లైన్లు రాసింది అందులో నాలుగైదు లైన్లలో అయిపోతుంటే ప్రాణం లేచొస్తుంది. ఆ తర్వాత డేటాబేస్‌లోంచి సమాచారం అడిగే ఎస్‌క్యూఎల్, వెబ్ పేజీలు, పైథాన్‌తో వెబ్ అప్లికేషన్లు చేసే ఫ్లాస్క్.

చెక్50 అని ఒకటుంది, మన కోడ్‌ని అదే పరీక్షించి సరైన చోట ఆకుపచ్చ నవ్వు మొహం, తప్పున్న చోట ఎర్రటి ఏడుపు మొహం చూపిస్తుంది. ఇంట్లో అందరూ పడుకుని ఉండగా ఎర్రవన్నీ పచ్చగా మారిన రోజు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎవర్నైనా లేపి చెప్పాలనిపించింది.

ల్యాప్‌టాప్ తప్పనిసరి, ఫోన్‌లో పాఠాలు చూడొచ్చు కానీ కోడ్ రాయడం జరిగే పని కాదు. పెద్ద కాన్ఫిగరేషన్ అక్కర్లేదు, అంతా బ్రౌజర్‌లోనే నడుస్తుంది, కాబట్టి మా ఆయన వాడే పాత ల్యాప్‌టాప్ సరిపోయింది. ఇంట్లో ఒకరి సాయం కూడా కావాలి. మా అత్తయ్య గారు పొద్దున్న క్యారేజీల పని తన మీద వేసుకోకపోతే నాకు ఆ గంటన్నర దొరికేదే కాదు.

ఉద్యోగం ఇస్తుందా అంటే, ఇవ్వదు. ప్లేస్‌మెంట్ లేదు, ఫోన్ చేసి పిలిచేవాళ్లు లేరు. కోడ్‌లో చేసిన మార్పుల్ని దాచిపెట్టే గిట్, ఇంటర్వ్యూలకి అడిగే ప్రాబ్లమ్స్ మళ్లీ విడిగా నేర్చుకోవాలి, ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నాను. ఫైనల్ ప్రాజెక్టుగా చెరువు పేరు, శాంపిల్ బరువు, రొయ్యల సంఖ్య ఇస్తే కౌంటూ రేటూ వేసి బిల్లు తయారుచేసే వెబ్ అప్లికేషన్ చేశాను. మా ఓనరు గారు చూసి, పుస్తకంతో పాటు దీన్లో కూడా రాయమన్నారు, మూడు వారాలుగా రాస్తున్నాను. మొన్న ఒక రైతు స్క్రీన్ వంక చూసి "అర కౌంట్ కూడా చూపిస్తోందేంటమ్మా" అన్నారు. రెజ్యూమెలో మొదటి ప్రాజెక్టుగా దాన్నే పెట్టి, ఇంటి నుంచి చేసే జూనియర్ ఉద్యోగాలకి పంపుతున్నాను.