చాలా ఏళ్ల తర్వాత మళ్లీ టెంట్‌లో: ఎక్కడ నిద్ర పట్టింది, ఎక్కడ పట్టలేదు

క్యాంపింగ్ మానేసి చాలా ఏళ్లయినవాళ్లకి మళ్లీ వెళ్లాలని ఉన్నా ఒకటే బెంగ: నేల మీద నిద్ర పడుతుందా? పాతికేళ్ల వయసులో ఎక్కడ పడితే అక్కడ నిద్రపోయిన ఒళ్లే ఇది. ఇప్పుడు తుంటి ఒకటి అంటుంది, మెడ ఇంకొకటి అంటుంది, రాత్రి ఒకసారైనా బాత్రూమ్‌కి లేవాలి. మా ఆయనా నేనూ చాలా గ్యాప్ తర్వాత మళ్లీ టెంట్ పట్టుకుని తిరిగాం. టెంట్లు వేసి పెట్టే క్యాంపులో పడుకున్నాం, సరస్సు ఒడ్డున పడుకున్నాం, కొండవాలు మీదా పడుకున్నాం. హాయిగా నిద్రపోయిన రాత్రులకీ, దొర్లుతూ గడిపిన రాత్రులకీ తేడా టెంట్ వల్ల రాలేదు. ఒంటి కింద ఏముంది, టెంట్ ఎక్కడ వేశాం అన్నవాటి వల్లే వచ్చింది. కొత్త టెంట్ కోసం దాచిన డబ్బుంటే ముందు పరుపు మీద పెట్టండి.

టెంట్లు వేసి పెట్టే క్యాంపు సంగతి ముందు చెప్తాను. బట్టల బ్యాగుతో వెళ్తే చాలు, మేకులు కొట్టే పని లేదు. టాయిలెట్ దగ్గర లైటుంది, వేడినీళ్లున్నాయి. మళ్లీ మొదలుపెట్టేవాళ్లకి ఇలాంటి చోటే మేలు, నచ్చకపోతే పోయేది ఒక్క రాత్రే. అయితే ఫొటోల్లో కనిపించని సంగతులు కొన్ని ఉన్నాయి. మాకిచ్చిన ఫోమ్ పరుపు రెండు వేళ్ల మందం కూడా లేదు, మధ్యలో గుంత పడి ఉంది. దుప్పట్లకి చెమ్మ వాసన. టెంట్లు ఎంత దగ్గరగా వేశారంటే పక్కవాళ్ల గురక ఎటు తిరిగి పడుకుంటే పెరుగుతోందో కూడా తెలిసిపోయింది. పాటలు మోగుతున్న స్పీకరు సంగతి క్యాంపువాళ్లకి చెప్తే కాస్త తగ్గించారు, మళ్లీ పెంచారు. ఇంకో పరుపు అడిగితే మాత్రం మారుమాట లేకుండా తెచ్చిచ్చారు, ఆ రాత్రి గట్టెక్కింది దానితోనే. అడగడానికి మొహమాటపడకండి.

బుక్ చేసే ముందు ఫోన్ చేసి కనుక్కోవాల్సినవి కొన్నే. పరుపు మందం ఎంత, మంచమా నేలా, పాటలు ఎన్నింటికి ఆపుతారు, జనరేటర్ ఎక్కడుంది, టాయిలెట్ ఎంత దూరం. టాయిలెట్ మరీ పక్కనే ఉన్నా కష్టమే. రాత్రంతా తలుపు చప్పుడు, ఫ్లాష్‌లైట్లు టెంట్ గుడ్డ మీద తిరుగుతూ ఉంటాయి. ముప్పై నలభై అడుగులు నడిచేంత దూరం సరిగ్గా సరిపోతుంది.

మొదటి రాత్రి ఎంత మంచి ఏర్పాటున్నా నిద్ర కలతగానే ఉంటుంది. దానికి టెన్షన్ పడక్కర్లేదు. అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు మసాకో తమాకి, యూకా ససాకి బృందం 2016లో ఈ సంగతి మీద ఒక అధ్యయనం ప్రచురించింది. కొత్త చోట మొదటి రాత్రి మెదడులో ఒక సగం రెండో సగమంత గాఢంగా నిద్రపోదని, చిన్న చప్పుళ్లకి కూడా స్పందిస్తుందని వాళ్లు గమనించారు. అంటే సగం మెదడు కాపలా కాస్తోందన్నమాట. కాబట్టి ఒక్క రాత్రి ట్రిప్పు చూసి ‘ఇక మా వల్ల కాదు’ అని తేల్చేయకండి. కుదిరితే వరసగా రెండు రాత్రులు ఉండేలా ప్లాన్ చేసుకోండి.

ఇక పరుపు. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. మెత్తదనం కోసమే పరుపు అనుకుంటాం కానీ, దాని రెండో పని చలిని ఆపడం. స్లీపింగ్ బ్యాగ్ ఎంత మందంగా ఉన్నా ఒంటి బరువుకి కింది భాగం అణిగిపోతుంది, అందులో గాలి నిలవదు, గాలి లేకపోతే వెచ్చదనమూ లేదు. ఒంట్లో వేడి నేలలోకి దిగిపోతూనే ఉంటుంది. పైన ఇంకో దుప్పటి కప్పుకున్నా వణుకు తగ్గకపోతే లోపం కిందే ఉన్నట్టు.

మ్యాట్, అంటే టెంట్‌లో కింద పరిచే పరుపు, ఎంత చలి ఆపుతుందో చెప్పే అంకెని ఆర్ విలువ అంటారు. ఒకప్పుడు ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో కొలిచేది, రెండిటిని పోల్చడం కుదిరేది కాదు. 2018లో ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ఉమ్మడి ప్రమాణం వచ్చాక పోల్చుకోవడం తేలికైంది. వెచ్చటి రాత్రులకి 1 నుంచి 2 చాలు, చల్లటి రాత్రులకి 3 నుంచి 4, మంచు మీదైతే 5 పైన ఉండాలి. ఇందులో మనకి పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఈ విలువలు కూడుకుంటాయి. 2 ఉన్న ఫోమ్ మ్యాట్ మీద 3 ఉన్న గాలి మ్యాట్ వేస్తే మొత్తం 5. పాత మ్యాట్ పారేయక్కర్లేదు, కొత్తదాని కింద వేయండి. పైది చిల్లు పడినా కనీసం నేల మీద పడుకున్నట్టుండదు.

పెద్ద గాలిపరుపులు, అదే పంపుతో ఊదే డబుల్ బెడ్ సైజువి, చూడ్డానికి ఇంటి మంచంలా ఊరిస్తాయి. లోపల ఇన్సులేషన్ లేనివి చలికి పనికిరావు. లోపలి గాలి తిరుగుతూ నేల చల్లదనాన్ని ఒంటి దాకా తెస్తుంది. ఇద్దరు పడుకుంటే ఒకరు కదిలినప్పుడల్లా రెండోవాళ్లు పైకి లేస్తారు. ఇంకో సంగతి, తెల్లవారేసరికి పరుపు మెత్తబడితే చిల్లు కోసం వెతక్కండి. సాయంత్రం 28 డిగ్రీల దగ్గర నింపిన గాలి తెల్లవారుజామున 12 డిగ్రీలకి చల్లబడితే సుమారు 5 శాతం కుంచించుకుపోతుంది. పడుకునే ముందు చల్లబడ్డాక ఒకసారి గాలి కొట్టుకుంటే సరి.

వాల్వ్ తిప్పగానే తనంతట తనే ఉబ్బే ఫోమ్ మ్యాట్లు ఇద్దరికీ బాగా నచ్చాయి. 1970ల మొదట్లో అమెరికాలోని సియాటిల్‌లో బోయింగ్ ఉద్యోగాలు పోయిన ఇంజనీర్లు వీటిని తయారుచేసి థర్మరెస్ట్ పేరుతో అమ్మడం మొదలుపెట్టారు. కారులో వెళ్లేవాళ్లకి 7 నుంచి 10 సెంటీమీటర్ల మందం ఉన్నవి దొరుకుతాయి. బరువెక్కువే, మోసుకుని కొండెక్కడానికి కావు. నాకు పక్కకి తిరిగి పడుకునే అలవాటు, తుంటి దగ్గర ఒత్తిడి ఎక్కువ. అలాంటివాళ్లు మ్యాట్‌ని గట్టిగా నింపకూడదు. పక్కకి తిరిగి పడుకుని, తుంటి నేలకి తగలకుండా ఉండేంత వరకు కొద్దికొద్దిగా గాలి వదలాలి. ఇది తెలిశాక నా నిద్రే మారిపోయింది. వెల్లకిలా పడుకునే మా ఆయనకి మాత్రం మ్యాట్ గట్టిగానే ఉండాలి, అందుకే రెండు విడివిడి మ్యాట్లు తీసుకున్నాం.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మడత మంచం గురించి ఆలోచించొచ్చు. నేల మీంచి లేచే బాధ ఉండదు, కూర్చుని చెప్పులేసుకోవచ్చు. కానీ మంచం కింద గాలి తిరుగుతుంది కాబట్టి చలి రాత్రుల్లో దాని మీదా మ్యాట్ వేయాల్సిందే. మంచం కాళ్ల కింద ఏదైనా మందపాటిది పెట్టకపోతే టెంట్ అడుగు చిరుగుతుంది. టెంట్ ఎత్తు కూడా చూసుకోండి, తక్కువ ఎత్తు టెంట్‌లో మంచం వేస్తే పైగుడ్డ ముక్కుకి తగులుతుంది.

దిండు ఇంట్లోదే తీసుకెళ్లండి. బట్టలు చుట్టి దిండు చేసుకోవడం కుర్రకారు పని.

చోటు విషయానికొస్తే, సరస్సు ఒడ్డు ఎంత అందంగా ఉందో అంత దండగ. చల్లగాలి బరువైనది, రాత్రి వాలు మీంచి జారి పల్లంలో చేరుతుంది. నీటి పక్కన తేమ కూడా ఎక్కువ. పొద్దున్నే టెంట్ లోపలి గుడ్డంతా నీటి చుక్కలే. మా ఆయన వాన కురిసి కారిందనుకున్నారు. నిజానికి అది మా ఊపిరే. మనిషి ఊపిరిలోంచి రోజుకి 300 నుంచి 400 మిల్లీలీటర్ల దాకా నీరు ఆవిరిగా పోతుంది. అందులో రాత్రి వాటా చల్లటి గుడ్డకి తగిలి చుక్కలు కడుతుంది. చలేస్తోందని కిటికీలన్నీ మూసేస్తే ఇంకా తడుస్తాం. పై కిటికీలు కొంచెం తెరిచి ఉంచాలి, పై కవరు లోపలి గుడ్డకి అంటుకోకుండా తాళ్లు లాగి కట్టాలి. నైలాన్ గుడ్డ తడిస్తే సాగి వేలాడుతుంది కాబట్టి పడుకునే ముందు ఇంకోసారి బిగించాలి. నీటి ఒడ్డుకి కనీసం 60 మీటర్ల దూరంలో టెంట్ వేయమని పర్యావరణ సూచనల్లో చెప్తారు, జంతువులు నీళ్ల దగ్గరికి రావడానికి అడ్డు లేకుండా. నిద్ర కోణంలో చూసినా అది మంచి సలహాయే.

కొండవాలు మీది చోటు నాకు అన్నిటికంటే నచ్చింది. పల్లం కంటే కాస్త పైన, శిఖరం కంటే కాస్త కింద. గాలి మరీ కొట్టదు, చలి పేరుకోదు. తూర్పున చెట్లుండడంతో ఎండ పొద్దున్నే టెంట్‌లోకి రాలేదు. సర్వీసు మాత్రం అంతంత మాత్రమే. నీళ్లు దిగువ నుంచి మోసుకురావాలి, టాయిలెట్ ఒక్కటే, రాత్రి దారిలో దీపం లేదు. అయినా నిద్ర దృష్ట్యా మొదటి మార్కు దీనికే వేస్తాను. టెంట్ వేసేముందు ఖాళీ నేల మీద మ్యాట్ పరిచి పడుకుని చూడండి. కంటికి సమంగా కనిపించే నేల నడుముకి సమంగా ఉండదు. కొద్దిపాటి వాలుంటే తల ఎగువకి పెట్టాలి. పక్కకి వాలుంటే ఆ చోటు వదిలేయాలి, రాత్రంతా ఒకరి మీద ఒకరు జారుతూనే ఉంటారు. ఎండిన వాగులో, ఎండుకొమ్మలున్న చెట్టు కింద మాత్రం ఎంత చదునుగా ఉన్నా వేయకండి. ఎత్తు పెరిగేకొద్దీ చలి పెరుగుతుందని కూడా లెక్కలో పెట్టుకోండి, 1000 మీటర్లకి సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కింద ఊళ్లో వాతావరణం చూసి బట్టలు సర్దుకుంటే సరిపోవు.

స్లీపింగ్ బ్యాగ్ మీద రాసే డిగ్రీల్ని చదవడం నేర్చుకోవాలి. ఐఎస్ఓ 23537 ప్రమాణం ప్రకారం కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని ఉంటాయి. మనకి కావాల్సింది కంఫర్ట్ ఒక్కటే. లిమిట్ అంటే ముడుచుకుని పడుకుని ఎలాగో రాత్రి గడిపే స్థాయి. ఎక్స్‌ట్రీమ్ అనేది ప్రాణం కాపాడుకునే లెక్క, అందులో నిద్ర ప్రసక్తే లేదు. అమ్మేవాళ్లు పెద్ద అక్షరాల్లో రాసేది తరచుగా కంఫర్ట్ అంకె కాదు. జిప్పు బిగించి బొమ్మలా పడుకోవడం నచ్చకపోతే పూర్తిగా తెరిచి దుప్పటిలా కప్పుకోండి, కింద మ్యాట్ మంచిదైతే ఏమీ కాదు. చలి ఎక్కువైతే గట్టి మూత ఉన్న సీసాలో వేడినీళ్లు పోసి కాళ్ల దగ్గర పెట్టుకోవచ్చు. స్టవ్, బొగ్గుల కుంపటి మాత్రం టెంట్‌లోకి ఎట్టి పరిస్థితుల్లోనూ తేకూడదు, ఆరిపోతున్న నిప్పులైనా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, నిద్రలో ప్రాణం తీస్తుంది.

అటక మీది పాత సామాను గురించి ఒక్క మాట. ఏళ్ల తరబడి మడిచి ఉంచిన టెంట్ గుడ్డ లోపలి పాలీయురెథేన్ పూత తేమకి జిగురుగా మారి పొరలుగా ఊడుతుంది. ముట్టుకుంటే అంటుకుంటోందంటే దాని పని అయిపోయినట్టే. కుట్ల మీది టేపు ఊడితే మాత్రం మళ్లీ అతికించుకోవచ్చు. కర్రల లోపలి సాగే తాడు సాగడం మానేస్తే మార్చుకోవడం తేలికే. బయల్దేరే ముందు ఇంటి దగ్గరే ఒకసారి వేసి చూసుకుంటే చాలు. టెంట్ మీద ఎంతమందికని రాసి ఉంటే అందులోంచి ఒకరిని తీసేసి లెక్క వేయండి. ఇద్దరికి ముగ్గురి టెంట్, అప్పుడే బ్యాగులకీ చోటుంటుంది.

చప్పుళ్లకి ఇయర్‌ప్లగ్స్, వెలుతురుకి కళ్లగంత, ఇవి చిన్నవే కానీ మరిచిపోతే రాత్రంతా గుర్తొస్తాయి. పెందలాడే పడుకోవడం ఇంట్లో కుదరని మా ఆయన కొండ మీద తొమ్మిదింటికే నిద్రకి జోగడం చూసి నవ్వొచ్చింది. దీనికీ ఆధారముంది. 2013లో కొలరడో యూనివర్సిటీకి చెందిన కెన్నెత్ రైట్ బృందం 8 మందిని వారం రోజులు విద్యుత్ దీపాల్లేకుండా ఎండ, నెగడు వెలుగులో ఉంచితే వాళ్ల శరీర గడియారం రాత్రిని సుమారు 2 గంటలు త్వరగా మొదలుపెట్టింది. అందుకే సాయంత్రమయ్యాక ఫోన్ బ్యాగులో పడేస్తున్నాం. బాత్రూమ్‌కి లేవడానికి హెడ్‌ల్యాంప్ తలగడ పక్కన, చెప్పులు గుమ్మం లోపలే. చెప్పులు బయట వదిలితే వేసుకునే ముందు దులపండి, లోపల ఏ పురుగో చేరి ఉండొచ్చు.

ఇంటికొచ్చాక టెంట్ పూర్తిగా ఆరాకే మడవండి. స్లీపింగ్ బ్యాగ్‌ని దాని చిన్న సంచీలో కుక్కి ఉంచొద్దు, పెద్ద గుడ్డసంచీలో వదులుగా పెట్టండి. తనంతట ఉబ్బే మ్యాట్‌ని చుట్టకుండా, వాల్వ్ తెరిచి మంచం కింద పరిచి ఉంచండి. చుట్టి దాస్తే ఫోమ్ అణిగిపోయి తర్వాత ట్రిప్పులో ఉబ్బదు.