హోటల్ అదనపు వసూలుపై క్రెడిట్ కార్డు డిస్ప్యూట్: ఫారం బాగుంది, ఫోన్ లైన్ బాగుపడాలి

రివార్డు పాయింట్లు చూసి, ఎయిర్‌పోర్టు లాంజ్‌లు చూసి క్రెడిట్ కార్డు ఎంచుకుంటాం కానీ, ఒక వ్యాపారి బిల్లుకు మించి వసూలు చేస్తే ఆ కంపెనీ మన తరఫున ఎంత గట్టిగా నిలబడుతుందన్నది ముందుగా ఎవరం ఆరా తీయం. చెన్నైలో ఒక హోటల్ నా కార్డు మీద 6,360 రూపాయలు ఎక్కువ తీసుకోవడంతో నాకు మా కార్డు కంపెనీ డిస్ప్యూట్ విభాగంతో, అంటే వసూళ్ల మీద అభ్యంతరాలు చూసే విభాగంతో, పని పడింది. డబ్బు మొత్తం తిరిగి వచ్చింది. అయినా ఈ సేవకు ఐదింటికి మూడు నక్షత్రాలే ఇస్తున్నాను. కేసును పరిశీలించినవాళ్లు తమ పని చక్కగా చేశారు. మొదట ఫోన్ ఎత్తినవాళ్లు మాత్రం ఆ కేసు ఓడిపోయే దారిలో పెట్టబోయారు.

మా పిన్నికి నుంగంబాక్కంలోని శంకర నేత్రాలయలో కంటి ఆపరేషన్ ఉండటంతో, నెల్లూరు నుంచి వచ్చిన పిన్నికీ బాబాయికీ ఆసుపత్రికి దగ్గరలో నేనే గది బుక్ చేశాను. రోజుకు 4,200 రూపాయల చొప్పున నాలుగు రాత్రులకు 16,800. రోజు అద్దె 7,500 రూపాయల వరకు ఉన్న గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే కాబట్టి పన్ను 840. మొత్తం 17,640 అని బుకింగ్ ఖరారు పత్రంలో స్పష్టంగా ఉంది. గదిలో దిగేటప్పుడు రిసెప్షన్‌లో నా కార్డు పెట్టించి, పిన్ నొక్కించుకుని 24,000 రూపాయలకు హోల్డ్ పెట్టారు. ఖాళీ చేసేటప్పుడు ఇచ్చిన బిల్లులో సరిగ్గా 17,640 ఉంది, దాని కింద బకాయి సున్నా అని కూడా అచ్చయి ఉంది. కార్డు స్టేట్‌మెంటులో మాత్రం 24,000 పడింది.

ఈ హోల్డ్ సంగతి చాలామందికి తెలియదు కనుక కాస్త వివరంగా చెబుతాను. ప్రీ-ఆథరైజేషన్ అనే ఈ పద్ధతిలో హోటల్ మన పరిమితిలోంచి కొంత సొమ్మును పక్కన పెట్టిస్తుంది, ఆ దశలో డబ్బు దాని చేతికి వెళ్లదు. ఖాళీ చేశాక అసలు బిల్లు ఎంతో అంతకే వసూలు పంపి మిగతా హోల్డును వదిలేయాలి. పిన్ ముందే నొక్కి ఉంటాం కాబట్టి ఆ రెండో అంకంలో మనకు ఓటీపీ రాదు, మన అనుమతి మళ్లీ అడగరు. హోటల్ బిల్లు మొత్తానికి కాక హోల్డ్ మొత్తానికి వసూలు పంపితే, మనకు తెలిసేది స్టేట్‌మెంటు చూసినప్పుడే. గదిలో దిగిన రోజు ఫోన్‌కు వచ్చిన సందేశం కూడా మామూలు ఖర్చు సందేశంలాగే ఉంటుంది తప్ప అది హోల్డ్ అని అందులో విడిగా చెప్పరు. కార్డు కంపెనీ తలుచుకుంటే సులువుగా సరిదిద్దగల లోపం ఇది.

డిస్ప్యూట్ వేసే ముందు వ్యాపారిని అడిగి చూడాలి, అడిగినట్టు రాతపూర్వకంగా రుజువు కూడా ఉండాలి. హోటల్ మేనేజరు తెలుగాయనే. ‘అదనపు మంచం వేశాం సార్, తెల్లవారుజామునే గది ఇచ్చాం, వాటి చార్జీలు తర్వాత కలిశాయి’ అన్నారు. బాబాయిని అడిగితే, ‘మంచం మేం అడగనే లేదురా, వాళ్లూ వేయలేదు. గదిలోకి పోయేసరికి మధ్యాహ్నం అయింది’ అన్నారు. మేనేజరు చెప్పిన కారణాలనే మెయిల్‌లో రాయమని కోరాను, ఆయన రాశారు. తర్వాత నా కేసుకు ఆ మెయిల్ ఎంతో అక్కరకొచ్చింది.

ఇక కార్డు కంపెనీ ఫోన్ లైన్. నా మాట రెండు వాక్యాలైనా పూర్తి కాకముందే అవతలి ఉద్యోగి దీన్ని మోసపూరిత లావాదేవీగా నమోదు చేసి, కార్డు బ్లాక్ చేసి, కొత్తది పంపుతానన్నారు. మాట తీరు మర్యాదగానే ఉంది, సలహా మాత్రం పూర్తిగా తప్పు. మనకు తెలియకుండా మూడో మనిషి కార్డు వాడితే అది అనధికార లావాదేవీ. మూడు పనిదినాల్లోపు చెబితే ఖాతాదారుడికి బాధ్యత ఉండదని ఆర్‌బీఐ 2017 జులైలో ఇచ్చిన ఆదేశాలు అలాంటి సందర్భాలకే. ఇక్కడ కార్డు పెట్టింది నేను, పిన్ నొక్కింది నేను. మోసం అని రాస్తే హోటల్ ఆ చిప్-పిన్ రికార్డు ఒక్కటి చూపించి కేసు గెలిచేస్తుంది. నాది వసూలు చేసిన సొమ్ములో తేడాకు సంబంధించిన తగాదా. వీసా అనే కార్డు నెట్‌వర్క్ నిబంధనల్లో దీనికి ‘తప్పు మొత్తం’ (ఇన్‌కరెక్ట్ అమౌంట్) అని విడిగా ఒక పద్దే ఉంది, లావాదేవీ ప్రాసెస్ అయిన నాటి నుంచి 120 రోజుల గడువూ ఉంది. ఇదంతా వినియోగదారుడే కార్డు కంపెనీ ఉద్యోగికి చెప్పవలసి రావడం నాకు చాలా బాధ కలిగించింది. ఈ సంగతి తెలియని పెద్దవాళ్లెవరైనా ఆ సలహా విని ఉంటే, న్యాయం తమవైపే ఉండి కూడా డబ్బు పోగొట్టుకునేవారు.

నేను ఫోన్ పెట్టేసి కంపెనీ యాప్‌లోని డిస్ప్యూట్ ఫారం తెరిచాను. ఆ ఫారం రూపొందించినవాళ్లను మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. లావాదేవీ మీద నొక్కగానే అది మీరు చేసిందేనా అని అడుగుతుంది. అవునంటే సొమ్ము ఎక్కువ పడిందా, రెండుసార్లు పడిందా, రద్దు చేసినా వాపసు రాలేదా అని విడివిడిగా చూపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఎంత మొత్తాన్ని ప్రశ్నిస్తున్నారో రాయడానికి వేరే గడి ఉంది. అందులో 6,360 మాత్రమే రాశాను. గదిలో ఉన్నమాట నిజం కాబట్టి 24,000 మొత్తాన్నీ తిరస్కరిస్తే మన మాటకు విలువ తగ్గుతుంది. బుకింగ్ పత్రం, సున్నా బకాయి చూపే బిల్లు, మేనేజరు మెయిల్ జతచేశాను. కొద్ది రోజుల్లోనే ఆ సొమ్ము తాత్కాలికంగా నా ఖాతాలో జమైంది.

హోటల్ ఊరుకోలేదు. గదిలో దిగేటప్పుడు సంతకం పెట్టించుకున్న రిజిస్ట్రేషన్ కార్డు నకలు పంపి, ‘ఇతర చార్జీలు కార్డుపై వసూలు చేయబడును’ అన్న వాక్యాన్ని చూపించింది. దీనికి జవాబు చెప్పమని కార్డు కంపెనీ నాకు ఆ కాగితాన్ని యథాతథంగా పంపడం, గడువు తేదీ స్పష్టంగా చెప్పడం మెచ్చుకోదగ్గ విషయం. నా జవాబులో ప్రధానంగా ఒక్క అంశమే చెప్పాను. ఇచ్చిన పన్ను బిల్లులో మొత్తం తక్కువ పడిందని వ్యాపారి భావిస్తే, కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం 34వ సెక్షన్ ప్రకారం దానికి డెబిట్ నోట్, అంటే తక్కువ పడిన సొమ్మును చూపే పత్రం, ఇవ్వాలి. ఇక్కడ డెబిట్ నోట్ లేదు, మంచం, ముందస్తు ప్రవేశం పేరిట సవరించిన బిల్లూ లేదు. ఉన్న ఒకే ఒక బిల్లు మీద జీఎస్టీ నంబరుతో సహా 17,640 అని ఉంది. ఆ విభాగంలోని అధికారిణి నాకు స్వయంగా ఫోన్ చేసి, బిల్లు తేదీ, వసూలు తేదీ పక్కపక్కన పెట్టుకుని ప్రశ్నలు వేశారు. ఫైలు చదివి మాట్లాడే మనిషి దొరికితే ఎంత ధైర్యంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. తాత్కాలిక జమ శాశ్వతమైంది.

అంతా సవ్యంగా ముగిసిందనుకుంటే, తర్వాతి స్టేట్‌మెంటులో వడ్డీ కనిపించింది. వివాదంలో లేని సొమ్మంతా నేను గడువులోగానే కట్టాను. తాత్కాలిక జమ పడేలోపు స్టేట్‌మెంటు గడువు దాటినందున ఆ 6,360 బకాయిగా లెక్కలోకి వెళ్లింది. కార్డు వడ్డీ నెలకు 3.5 శాతానికి పైగా కూడా ఉండే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అదనం. ఫిర్యాదు చేస్తే వడ్డీ వెనక్కి వేశారు, జీఎస్టీ వేయలేదు. దానికి మళ్లీ రాయవలసి వచ్చింది. డిస్ప్యూట్ గెలిచిన మనిషి వడ్డీ కోసం మరో ఫిర్యాదు చేయవలసి రావడం అన్యాయం. ఒక నక్షత్రం దీనికే తగ్గించాను, ఇంకొకటి ఫోన్ లైన్‌కు.

బిల్లును ప్రశ్నిస్తే 30 రోజుల్లోగా వివరణ, అవసరమైతే ఆధారాలు ఇవ్వాలని కార్డు కంపెనీలకు ఆర్‌బీఐ 2022లో ఇచ్చిన ఆదేశాల్లో ఉంది. మీ కార్డును ఇచ్చిన బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిపోకపోయినా ఖాతాదారుల ఫిర్యాదులు పరిష్కరించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది. హోటల్ మీద విడిగా ఫిర్యాదు చేయదలిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో తెలుగులోనూ మాట్లాడవచ్చు. నాకు అంతదాకా వెళ్లే అవసరం రాలేదు.

ఈ కంపెనీ కార్డు ఉన్నవాళ్లకు నేను చెప్పేది, ఇలాంటి తగాదా వస్తే ఫోన్ చేయకండి, నేరుగా యాప్‌లోని ఫారం నింపండి. ఫారంలో మొదట కనిపించే ‘ఈ లావాదేవీ మీరు చేసిందేనా’ అన్న ప్రశ్ననే ఫోన్ ఉద్యోగుల చేత కూడా అడిగించమని కంపెనీకి రాశాను. కార్డును మాత్రం వదులుకోలేదు. పిన్నిని మళ్లీ పరీక్షకు తీసుకొచ్చినప్పుడు వేరే హోటల్‌లో హోల్డ్‌కు ఇదే కార్డు ఇచ్చాను.