ప్రాగ్‌లో డబ్బు మార్చే ముందు ఇది చదవండి

చెక్ దేశంలో యూరోలు కాదు, కొరునాలు నడుస్తాయి. పాత ఊరి చౌక్ దగ్గర "కమిషన్ లేదు" అని పెద్దక్షరాల్లో రాసిన ఎక్స్‌ఛేంజ్ షాపులో 200 యూరోలు ఇస్తే చేతికి 3,200 కొరునాలు వచ్చాయి. బ్యాంకు రేటు ప్రకారం 4,900 దాకా రావాలి. అడిగితే, బోర్డు అడుగున చిన్నక్షరాల్లో ఉన్న రేటు చూపించి మొహం తిప్పేసుకున్నాడు. పట్టపగలు దోపిడీ! ఆరు వేల రూపాయలు పోయాయన్న బాధలో మా అత్తయ్య 1410 నాటి ఖగోళ గడియారం గంట కొడుతున్నా, అపొస్తలుల బొమ్మలు వరసగా వస్తున్నా తలెత్తి చూడలేదు.

హోటల్ రిసెప్షన్‌లో అమ్మాయి రసీదు చూసి వెంటనే వెనక్కి వెళ్ళమంది. 2019లో చట్టం మార్చారట. 1,000 యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోపు రద్దు చేసుకోవచ్చు. షాపువాడు మేనేజర్ లేడన్నాడు, గొణిగాడు, చట్టం పేరెత్తాక మొత్తం తిరిగిచ్చాడు. రసీదు మాత్రం పారేయకండి. ఆ తర్వాత బ్యాంకు ఏటీఎంలోనే తీసుకున్నాం. "మా రేటుకు మార్చమంటారా" అని అది అడిగితే వద్దు అనే నొక్కండి.

ప్రాగ్ కోట టికెట్ మేం వెళ్ళినప్పుడు మనిషికి 450 కొరునాలు. 1344లో మొదలై 1929లో పూర్తయిన, కోట లోపలి సెయింట్ వీటస్ చర్చి ఒక్కటి చాలు ఆ డబ్బుకి. కోటలోనే ఉన్న సన్న వీధి గోల్డెన్ లేన్‌లో తోపులాటే. చార్లెస్ వంతెనకు తెల్లవారుజామునే వెళ్ళండి.

ఒక్క పూటే ఉంటే మాత్రం నేను కోట మానేసి యూదుల ప్రార్థనా మందిరమైన పింకస్ సినగాగ్‌కే వెళ్ళమంటాను. నాజీలు చంపిన దాదాపు 78,000 మంది చెక్ యూదుల పేర్లు గోడల నిండా చేత్తో రాసి ఉన్నాయి. ఊరి వారీగా, ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ. 1968 తర్వాత నీటి చెమ్మ పేరుతో మూసేసి ఇరవై ఏళ్ళకు పైగా తెరవలేదు, పేర్లు చెరిగిపోయాయి. 1990లలో మళ్ళీ మొత్తం రాశారు. మేడ మీద, నాజీలు యూదులను బంధించి ఉంచిన టెరెజిన్ ఘెట్టోలో పిల్లలు వేసిన బొమ్మలున్నాయి. వాళ్ళకు బొమ్మలు నేర్పిన ఫ్రీడ్ల్ డికర్-బ్రాండైస్ వాటిని రెండు సూట్‌కేసుల్లో దాచి వెళ్ళింది. 1944లో ఆమెనూ నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్‌లో చంపేశారు. అత్తయ్య అక్కడ ఒక సీతాకోకచిలుక బొమ్మ ముందు చాలాసేపు నిలబడిపోయింది. బయటికొచ్చాక డబ్బు మాట మళ్ళీ ఎత్తలేదు.

శనివారాలు, యూదుల పండగ రోజులు ఆ సినగాగ్ మూసే ఉంటుంది. మీ టికెట్లు బుక్ చేసుకునేటప్పుడే ఆ తేదీలు చూసుకోండి.